మొహం పడని ఫోటో

జలపాతం దారిలో చివరి గది, చూడవచ్చినవాళ్లకు ఫోటోలు తీసే ఫోటో తాతది. ఎగువన ఆనకట్ట కట్టాక నీళ్లు సన్నబడ్డాయి, జనమూ పలచబడ్డారు. అయినా ఆయన రోజూ పొద్దున్నే తలుపు తీసి, ఎవరూ తీసుకెళ్లని పాత ఫోటోలు చెమ్మకు అతుక్కోకుండా ఒక్కొక్కటే విడదీసి మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. ఎందుకని అడిగితే, "మనుషులు కదయ్యా, ఎలా పారేస్తాం?" అంటాడు.

ఒకరోజు నడివయసు టీచరమ్మ ఒకామె వచ్చింది. "నా ఐదో ఏట అమ్మా నేనూ ఇక్కడ ఫోటో దిగామండి. అది పాడైపోయిందని మీరు నాన్నకు చెప్పారట. ఆ ఏడే అమ్మ పోయింది. ఆవిడ ఫోటో మాకు ఒక్కటీ లేదు."

తాత చేతిలో గుడ్డ ఆగిపోయింది. పెట్టె అడుగు నుంచి ఒక ఫోటో తీసి ఇచ్చాడు. "పాడవలేదమ్మా. నువ్వు జారబోతే మీ అమ్మ అటు తిరిగిపోయింది, మొహం పడలేదు. అది ఇవ్వడానికి నాకు మొహం చెల్లక అబద్ధమాడాను."

తెల్లటి నురగ ముందు పక్కకు తిరిగిన తల, పాప రెక్క పట్టుకున్న చెయ్యి. ఆమె ఆ చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది. అవే పొడుగాటి వేళ్లు, అదే వంకర చిటికెన వేలు.

"ఇది ఎవరి పోలికో ఇన్నాళ్లూ తెలియలేదండి," అంది.