చెవిలో ట్యాగు లేని పిల్ల

ఆంటీ ఫోన్ చేసేసరికి నేను టౌరంగా ఆసుపత్రి కార్ పార్కులో ఉన్నాను. డ్యూటీ అయిపోయింది. సీటు బెల్టు పెట్టుకుంటున్నాను. "అమ్మాయ్, మీ అంకుల్ పిలిస్తే పలకట్లేదే" అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు, భయం ఒక్కటే ఉంది. అంబులెన్సు వచ్చిందని, వాళ్ళు చూసి ఇక చేసేదేమీ లేదన్నారని కూడా ఆవిడే చెప్పారు. "నువ్వు నర్సువి కదా. నువ్వొచ్చి చూసి చెప్పు. అప్పుడు నమ్ముతాను."

కొండ ఎక్కి వెళ్ళి చూశాను. అంకుల్ వరండాలో, కుర్చీలోనే పోయారు. గుండె ఆగింది. చావును దగ్గరగా చూడడం నా ఉద్యోగంలో భాగం. అయినా ఆయన మణికట్టు రెండుసార్లు పట్టి చూశాను. "నిజమే ఆంటీ" అన్నాను.

ఆయన నాకు చుట్టం కాదు, ఇంటి ఓనరు. నాది నల్గొండ, ఆయనది చీరాల వైపు. పాపటోయిటోయిలో నలుగురం కలిసి ఉన్న ఫ్లాట్ వదిలి, కొత్త ఉద్యోగానికి టౌరంగా వచ్చినప్పుడు, ఊరి వెనక కొండల మీద తన ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న ఫ్లాట్ అద్దెకిచ్చారు. తాళం చెవి చేతిలో పెడుతూ ఆయన అన్న మొదటి మాట "రాత్రి భయమేస్తే గోడ మీద కొట్టమ్మా. మాకూ భయమే, ఇద్దరం మెలకువగానే ఉంటాం."

నేను చూసిన మనుషుల్లో తన భయాన్ని దాచుకోని మగవాడు ఆయనొక్కరే. చాలా ఏళ్ళు ఈ దేశ రాజధాని వెల్లింగ్టన్‌లో ప్రభుత్వ ఆఫీసులకు ఐటీ కాంట్రాక్టులు చేశారు. అక్కడి గాలికి ఇల్లు ఊగుతుంటే మంచం పట్టె పట్టుకుని పడుకునేవారట. కారు తీస్తే వెనక హారన్లు మోగాల్సిందే, అంత నెమ్మది. ఇంట్లో మనుషులుంటే సరే, ఖాళీ షెడ్డు తలుపు కూడా తట్టిగానీ తీసేవారు కాదు. "లోపల ఏదున్నా ముందు దానికి తెలియాలిగా మనం వస్తున్నామని" అనేవారు.

అలాంటి మనిషి జింకల్ని పెంచడం విచిత్రమే. ప్రశాంతంగా ఉంటుందని ఈ కొండ మీద స్థలం కొంటే, అమ్మిన ముసలాయన స్థలంతో పాటు తన ఆడ జింకల్నీ వదిలి వెళ్ళాడు. గోధుమ రంగు, మనిషి ఛాతీ ఎత్తు, ఎప్పుడూ నిక్కబొడుచుకుని ఉండే చెవులు. "మొదటి నెల నేను కంచె ఇవతలే నిలబడ్డానమ్మా. వాటికి నేనంటే భయం, నాకు అవంటే భయం. అలా కుదిరింది మాకు" అని నవ్వేవారు.

ఏటా కొన్ని వారాల కోసం పక్క ఫార్మ్ నుంచి మగ జింకను తెప్పించేవారు. నేను వచ్చిన ఏడాది మూడు పిల్లలు పుట్టాయి. పెద్ద జింకల చెవులకు నారింజ రంగు ట్యాగులు ఉండేవి, పిల్లలకు లేవు. ఎందుకని అడిగితే వివరంగా చెప్పారు. పెంపుడు జింకకు పుట్టిన ఆరు నెలల లోపు ట్యాగు వేయాలి. ఈలోగా ఫార్మ్ దాటించాల్సి వస్తే దాటించక ముందే వేయాలి. ఆ ట్యాగులో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతో జింక ఏ ఫార్మ్‌లో పుట్టింది, ఎక్కడెక్కడికి వెళ్ళింది అన్నీ నమోదవుతాయి. రేపు ఏదైనా జబ్బు బయటపడితే వెనక్కి వెతుక్కుంటూ రావడానికి అదే దారి.

"మరి వీటికి ఎప్పుడు వేస్తారు?"

"ఈగలు తగ్గనీ. ఇప్పుడు చెవికి కన్నం పెడితే పుండు పడుతుంది."

ఎండలు పోయాయి, ఈగలూ పోయాయి. ఆయన వేయలేదు. ఇంకా గడువుందిగా అనేవారు.

ఏప్రిల్‌లో గాలివాన వచ్చింది. తెల్లవారుతుండగా నా తలుపు మీద చప్పుడు. తీస్తే అంకుల్, వానకు తడిసిన జుట్టుతో, కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని. "కంచె మీద చెట్టు పడిందమ్మా. ఒక్కటీ లేదు లోపల."

వెళ్ళి చూశాను. పైన్ చెట్టు కూలి, నా తల కన్నా ఎత్తున్న కంచెను నేలకు నొక్కేసింది. దాని మీదుగా గిట్టల గుర్తులు అవతలి పైన్ తోటలోకి, అక్కడినుంచి అడవి వైపు వెళ్ళాయి. ఆ నెలలో అడవిలో మగ జింకలు జత కోసం పొద్దస్తమానం అరుస్తాయి. ఆ అరుపు విని వేటగాళ్ళు ఊళ్ళ నుంచి తుపాకులతో వస్తారు. మేం చూస్తుండగానే కొండ అవతల ఎక్కడో ఒకటి పేలింది.

"ట్యాగు ఉన్నవాటిని చూస్తే ఎవరిదో అని ఆగుతారు" అన్నారు అంకుల్. "ట్యాగు లేనిది కంచె బయట కనిపిస్తే అడవి జింక కిందే లెక్క. పిల్లలు..."

ఆంటీ గుమ్మంలో అడ్డం నిలబడ్డారు. "ఏవండీ, మీరు వెళ్ళడానికి వీల్లేదు. పోతే పోనివ్వండి."

"భయంగానే ఉందే. కానీ అవి నా గొంతుకే వస్తాయి."

"మీరు ఉండండి అంకుల్, నేను పోతా" అన్నాను నేను.

"నువ్వు పిలిస్తే ఇంకా లోపలికి పారిపోతాయి. పద, ఇద్దరం వెళ్దాం."

దూరానికి కనబడేలా వేసుకునే నారింజ రంగు కోటు ఇంట్లో ఒక్కటే ఉంది. అది నాకు తొడిగారు. ఆంటీ లోపలికెళ్ళి, బంతిపువ్వు రంగు పట్టుచీర తెచ్చి ఆయన భుజాల చుట్టూ కప్పి, గుండెల మీద ముడి వేశారు. ఆ ముడి వేస్తున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

తోటలో చెట్ల కింద చీకటిగా ఉంది. అంకుల్ ముందు, దాణా బకెట్ ఊపుతూ, "రండమ్మా, రండి, రండి" అంటూ. వెనక నేను. కొమ్మ విరిగినా, నీళ్ళ చుక్క రాలినా ఇద్దరం ఆగిపోతున్నాం. ఎక్కడో దగ్గర్లో మగ జింక అరిచింది. లోతైన బావిలోంచి వచ్చినట్టున్న ఆ అరుపు నా పొట్టలో వినిపించింది. అంకుల్ ఊపిరి ఈల వేస్తోంది. ఆయనకు ఇక్కడ గుండె పట్టేస్తే నేనేం చేయాలో నర్సుగా తెలుసు. ఈ అడవిలోంచి కిందికి ఎలా మోసుకెళ్ళాలో మాత్రం తెలియదు. ఆ ఒక్క ఆలోచనే మళ్ళీ మళ్ళీ వచ్చింది.

చెట్లు పలచబడ్డ చోట కనిపించాయి. ఆడ జింకలు, చెవులు మా వైపే. బకెట్ చప్పుడుకు ఒకటి అడుగేసింది, దాని వెనక ఇంకొకటి. ఫెర్న్ పొదల్లో రెండు పిల్లలు కనిపించాయి. మూడోదాని కోసం చూస్తున్నాం.

అప్పుడు తుపాకీ పేలింది. మా ఎడమ పక్కనే.

నేను బురదలో బోర్లా పడ్డాను. చెవులు హోరెత్తాయి. తల ఎత్తి చూస్తే అంకుల్ పడుకోలేదు. చేతులు రెండూ పైకెత్తి, ఆ చీర రెక్కల్లా విప్పి, గొంతు చించుకుని అరుస్తున్నారు. "కాల్చొద్దురోయ్! మనుషులున్నాం ఇక్కడ! కాల్చొద్దు!" ముప్పై ఏళ్ళు ఈ దేశంలో ఇంగ్లీషులో బతికిన మనిషి, ఆ క్షణంలో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా నోటికి రాలేదు.

పొదల వెనక నుంచి ఒకాయన బయటికొచ్చాడు. నడివయసు కివీ, ఈ దేశపువాడే, గడ్డం, ముఖంలో నెత్తురు లేదు. తుపాకీలోంచి తూటాలు తీసేసి, దాన్ని నేల మీద పెట్టాడు. అతని వెనక కొన్ని అడుగుల దూరంలో మూడో పిల్ల పడి ఉంది.

"చెవి చూశాను" అన్నాడు, తన ఇంగ్లీషులో, మెల్లగా. "కాల్చే ముందు రెండు చెవులూ చూశాను. ట్యాగు లేదు."

అంకుల్ వెళ్ళి పిల్ల పక్కన కూర్చున్నారు. దాని చెవిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మెత్తగా నిమిరారు. "లేదు" అన్నారు. "తప్పు నీది కాదు."

అప్పుడే ఆ మనిషికి అంకుల్ ఒంటి మీది చీర సరిగ్గా కనిపించినట్టుంది. "ఆకుల్లో ఏదో కదిలితే మళ్ళీ తూటా ఎక్కించాను" అన్నాడు. "మీరు అరవకపోతే..." అని నేల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

ఇంటికి చేర్చింది అతనే. తన నారింజ టోపీ కర్రకు తగిలించి పైకెత్తి, మిగతా వేటగాళ్ళకు వినబడేలా కేకలేస్తూ ముందు నడిచాడు. అంకుల్ బకెట్ వెనక జింకలు, వాటి వెనక రెండు పిల్లలు. చనిపోయిన పిల్ల తల్లి మాత్రం రాలేదు. మర్నాడు పొద్దున కంచె దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. అంకుల్ గేటు తీస్తే తల వంచుకుని లోపలికి వచ్చింది.

ఆ రోజే మిగిలిన రెండింటికీ ట్యాగులు వేశారు. నేను పిల్లను ఒడిసి పట్టుకుంటే ఆయన ట్యాగు గుచ్చే ప్లయర్ నొక్కారు. మొదటిసారి ట్యాగు జారి కింద పడింది. పని అయ్యాక షెడ్డు గోడకు ఆనుకుని, తలుపు దగ్గరున్న ఆంటీతో అన్నారు. "ఆలస్యం చేసింది ఈగల వల్ల కాదే. ట్యాగు లేకపోతే లారీ ఎక్కించలేం. వేశామంటే ఇక పంపాల్సిందే కదా. వేయనన్నాళ్ళు మన దగ్గరే ఉంటాయి కదా అని."

ఆంటీ కొంగుతో ఆయన నుదురు తుడిచారు. "నాకు తెలుసులెండి" అన్నారు.

ఆ రెండూ పెరిగి, లారీ ఎక్కి, దక్షిణాన ఒక పెద్ద ఫార్మ్‌కు వెళ్ళాయి. లారీ వచ్చిన రోజు అంకుల్ ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ తరవాత ఏ ఏడూ ట్యాగులు వేయడం ఆలస్యం చేయలేదు. మగ జింకలు అరవడం మొదలుపెట్టక ముందే అన్ని చెవులూ అయిపోయేవి. అయినా ఏప్రిల్ వస్తే ఆయనకు నిద్ర ఉండేది కాదు. కారు తలుపు వేసిన చప్పుడుకు కూడా వచ్చి, "విన్నావా అమ్మాయ్? తుపాకీయేనా?" అని అడిగేవారు. "కాదు అంకుల్" అంటే కాసేపు నిలబడి వెళ్ళేవారు.

నా వార్డులో ఒక చిన్నమ్మాయి చనిపోయిన వారం, మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలంటే చేతులు చల్లబడిపోతున్నాయని ఆయనకే చెప్పాను. ధైర్యంగా ఉండమని ఆయన అనలేదు. "భయమేస్తోందని ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళు. చెప్పి వెళ్తే భయం సగం వాళ్ళ దగ్గర ఉండిపోతుంది" అన్నారు. అప్పటినుంచి ప్రతి డ్యూటీకీ ఆయనకు చెప్పే వెళ్ళేదాన్ని. ఆ అలవాటును ఇప్పుడేం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

అంత్యక్రియలు అయిన మర్నాడు జింకలకు నీళ్ళున్నాయో లేదో చూడమన్నారు ఆంటీ. కంచె లోపలికి ఒక్కదాన్నే వెళ్ళడం అదే మొదటిసారి. లోయలోంచి పొగమంచు పైకి వస్తోంది. జింకలన్నీ అవతలి మూలకు పరిగెత్తి గుంపుగా నిలబడ్డాయి. తొట్టి నిండుగానే ఉంది. వెనక్కి తిరగబోతుంటే, ఈ ఏడు పుట్టిన పిల్ల ఒకటి గుంపులోంచి విడిపడి, ఆగుతూ ఆగుతూ నా దగ్గరకొచ్చింది. మెడ చాచి, నా చేతిని వాసన చూసింది. దాని వెచ్చటి ఊపిరి నా వేళ్ళకు తగిలింది. చర్మం కింద దాని పక్కటెముకలు దడదడలాడుతున్నాయి. అది కదలలేదు. నేనూ కదలలేదు.