పుర్రచేతి కర్ర

చెప్పొద్దూ, నాకు జీవితంలో మొట్టమొదట కుళ్ళు పుట్టింది మా చెల్లెలి ఎడంచేతి మీద. డబ్బు మీద కాదు, చదువు మీద కాదు, తొమ్మిదేళ్ళ పిల్ల ఎడంచేతి మీద.

మాది జగ్గయ్యపేట. బజార్లో నాన్నకి కిరాణా కొట్టు. ఇది డెబ్బైల చివరి మాట. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చెల్లెలు పుట్టుకతోనే పుర్రచేతి వాటం. అన్నానికి కూర్చుంటే దాని ఎడంచెయ్యే ముందుకొచ్చేది, నాయనమ్మ గరిటె కాడతో ఆ చేతి మీద ఒకటి వేసేది. బళ్ళో పలక మీద ఎడంచేత్తో రాస్తే మాస్టారు కణుపుల మీద కొట్టేవారు. పొద్దున కొట్టు తలుపులు తీసే వేళకి దాన్ని ఆ చాయలకే రానిచ్చేవాళ్ళు కాదు. ఎడంచేత్తో ఏదైనా అందించిందంటే ఆ రోజుకి బేరం మట్టికొట్టుకుపోతుందని నాయనమ్మ నమ్మకం. నేనేమో కుడిచేతి వాటం, మగపిల్లాణ్ణి, పెద్దవాణ్ణి. దాన్ని తిట్టినప్పుడల్లా నాకు జాలేసేది. అలా జాలిపడటం నాకు హాయిగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఒక ఇంజినీరు గారు ఉండేవారు. వాళ్ళింటికి నెల సరుకులు మా కొట్టు నుంచే వెళ్ళేవి. ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం సరుకులు రిక్షాలో వేసి నన్ను పంపారు. చెల్లెలు కూడా నా వెంటపడి వచ్చింది. ఇంటి వెనక, క్వారీ మట్టి పోసి చదును చేసిన పెద్ద జాగాలో ఆయన ఒక్కరే నిలబడి, కొస వంపు తిరిగిన ఇనుప కర్రతో తెల్లటి చిన్న బంతిని కొడుతున్నారు. కొట్టిన బంతి ఎటు పోయిందో కూడా కనిపించలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయా.

దాన్ని గోల్ఫ్ అంటారని ఆయనే చెప్పారు. పై చదువులకి వేరే దేశం వెళ్ళినప్పుడు నేర్చుకున్నారట. ఆ జాగాలో పాలపొడి డబ్బాలు పాతి మూడు గుంటలు చేసుకున్నారు. గుంట ఎక్కడుందో దూరానికి తెలియాలని ఒక్కోదాని పక్కన ఒక ఎర్రజెండా పెట్టారు. అవి క్వారీలో రాయి పేల్చేముందు చూపించే జెండాలు. ఇంకేం, రోడ్డు మీద వెళ్ళే ఎడ్లబళ్ళవాళ్ళు వాటిని చూసి పేలుడు జరగబోతోందనుకుని బళ్ళు ఆపేసి కూర్చునేవాళ్ళు. ఈయన ఆట మధ్యలో వెళ్ళి, ఏం లేదు వెళ్ళండి బాబూ అని చెప్పి రావాల్సి వచ్చేది.

నేర్చుకుంటావా అని ఆయన అడిగింది నన్ను, చెల్లెల్ని కాదు. ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. బిళ్ళంగోడులో మా వీధిలో నన్ను మించినవాడు లేడు, ఇదెంత అనుకున్నా. కర్ర అందుకుని, బిళ్ళని లేపినట్టే బంతిని కింద నుంచి లేపబోయా. కర్ర నేలకి తగిలి చేతులు జివ్వుమన్నాయి. రెండోసారి కర్ర వెనకభాగం తగిలి బంతి మూరెడు దూరం దొర్లింది. అప్పుడు ఆయన నాలుక కరుచుకున్నారు. ఆయనది ఎడంచేతి వాటం. పక్కనున్న ఆయన సంచిలో కర్రలన్నీ ఎడంచేతివాళ్ళ కోసం చేసినవే, బంతిని కొట్టే మొహం వాటికి అటువైపు ఉంటుంది. కుడిచేతివాడికి అవి ఎందుకూ పనికిరావు. హైదరాబాదుకి ఉత్తరం రాసి నీకొకటి తెప్పిస్తాలే అన్నారు.

నేను కర్ర కింద పడేశా. చెల్లెలు వంగి తీసింది. అలవాటు ప్రకారం ఎడంచేత్తో పట్టుకుని, అంతలోనే ఉలిక్కిపడి నా వంక చూసింది, ఇంట్లో చెబుతానేమోనని.

"అదే. అట్లాగే పట్టుకో అమ్మాయ్," అన్నారు ఇంజినీరు గారు. "నాదీ ఆ చెయ్యే."

ఆ చేతిని ఒక పెద్దమనిషి మెచ్చుకోవడం అది పుట్టాక అదే మొదలు. కాళ్ళు ఎంత ఎడంగా పెట్టాలో, కర్రని ఎంత వదులుగా పట్టుకోవాలో, కొట్టాక కూడా తల ఎందుకు ఎత్తకూడదో ఆయన చెప్పారు. చెల్లెలు ఏదీ రెండోసారి చెప్పించుకోలేదు. రోజూ సాయంత్రం వెళ్ళేవాళ్ళం, పది రోజులు తిరక్కుండానే అది కొట్టిన బంతి నేల మీద తిన్నగా పోయి పాలడబ్బాలో టక్కుమని పడటం మొదలైంది. ఆ టక్కుమనే చప్పుడంటే నాకు ఒళ్ళు మండేది.

హైదరాబాదు నుంచి నా కర్ర రాలేదు. నాకు మిగిలిన ఉద్యోగం బంతులేరడం. దాని బంతి ముళ్ళకంపలో పడాలని మనసులో మొక్కుకునేవాణ్ణి. తీరా పడితే కంపలో దూరాల్సింది నేనే, చేతులు గీరుకుపోయేవి. ఇంటికొచ్చే దారిలో అది ఆపకుండా మాట్లాడేది. అంతకుముందు అంత మాట్లాడేది కాదు. చూశావా అన్నయ్యా, ఇవాళ మూడు దెబ్బల్లో వేశా అనేది. నేను గబగబా ముందుకి నడిచేవాణ్ణి. జాలిపడటానికి నాకంటూ ఉన్న ఒక్క మనిషీ చేజారిపోతోంది.

నా మొహం చూసి ఆయనకి అర్థమైనట్టుంది, ఒకరోజు పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. అన్నం పళ్ళెమంత ఉంది. దీంతో కూడా గోల్ఫే ఆడతారు, బంతి బదులు బిళ్ళ, గుంట బదులు గంప అన్నారు. మిరపకాయల గంపనొకదాన్ని ఇనుప ఊచకి కట్టి నిలబెట్టారు. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, చెయ్యి ఛాతీ దగ్గరికి తెచ్చుకుని మణికట్టుతో విసరాలి. దీనికి కుడీ ఎడమా లేదు. అబ్బ, నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజుల్లో ముప్ఫై అడుగుల నుంచి గంపలో వేసేశా. ఇక ఇది నాది అనుకున్నా.

తర్వాత ఆయన గంపని తుమ్మచెట్టుకి అవతల, కుడి పక్కగా మార్చారు. నేను ఎలా విసిరినా బిళ్ళ చివర్లో ఎడమకి ఒరిగి చెట్టుకి కొట్టుకునేది. ఇరవైసార్లు విసిరి ఉంటా. చెల్లెలు తగుదునమ్మా అని వచ్చి, నేనొకటి వెయ్యనా అన్నయ్యా అని అడిగింది. ఎడంచేత్తో విసిరితే బిళ్ళ కుడికి ఒరుగుతుందట, అది నాకేం తెలుసు? దాని బిళ్ళ చెట్టుని చుట్టుకుని నెమ్మదిగా వెళ్ళి గంపలో వాలింది. ఇంజినీరు గారు చప్పట్లు కొట్టారు.

ఆ రోజే ఆయన వేదాద్రి నరసింహస్వామి ప్రసాదం మా ఇద్దరికీ పెట్టారు. చెల్లెలు బిళ్ళ కింద పెట్టి, కుడిచెయ్యి గౌనుకి తుడుచుకుని, ఆ చేత్తోనే తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను పక్కనే నిలబడి చూశా. ఇది కూడా మీరు గుర్తుపెట్టుకోవాలి.

రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మతో చెప్పా, ఇది అక్కడ అన్నీ ఎడంచేత్తోనే చేస్తోందని. నాయనమ్మ సణిగింది కానీ పెద్దగా పట్టించుకోలేదు. ఆటే కదా అన్నాడు నాన్న. అప్పుడు నేను ఇలా అన్నా.

"స్వామి ప్రసాదం కూడా ఎడంచేత్తోనే తీసుకుంది."

"నేను కుడిచేత్తోనే తీసుకున్నా," అంది చెల్లెలు.

నాయనమ్మ నా వంక చూసింది. ఎడంచేత్తోనే అని మళ్ళీ చెప్పా. ఇంకో ప్రశ్న లేదు. నా మాట చెల్లే ఇల్లు అది. మర్నాడు పొద్దున పాత చీరగుడ్డ చింపి దాని ఎడంచేతిని నడుముకి కలిపి కట్టేశారు. పొద్దున కడితే నిద్రపోయేముందు విప్పేవాళ్ళు, స్నానానికి కాసేపు. కాలనీకి వెళ్ళడం మాన్పించారు. సెలవులయ్యేదాకా అలాగే గడిచింది. మొదటి రెండు రోజులు ఏడ్చింది. తర్వాత ఏడవలేదు, మాట్లాడనూ లేదు.

నేను ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. పాప ఏదీ అని ఆయన అడిగితే జ్వరమన్నా. ఇంకోసారి అడిగితే దానికి ఇష్టం లేదట అన్నా. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చాయో ఆ మాటలు. బిళ్ళ నాది, గంప నాది, జాగా అంతా నాది. అయినా ఆయన సాయంత్రాలు రోడ్డు వైపు చూస్తూ ఉండేవారు, అదొక్కటే నాకు కిట్టేది కాదు.

సెలవుల ఆఖర్లో, తొలి వానలు పడ్డాక ఆయనకి బదిలీ అయింది. పిల్లలిద్దర్నీ ఒకసారి పంపమని నాన్నకి కబురు పెట్టారు. కాదనలేక కట్టు విప్పి పంపారు. వెళ్ళేసరికి ఆయన ఒక చిన్న కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. తన కర్రనొకదాన్ని ఫ్యాక్టరీ వర్క్‌షాపులో కోయించి, చెల్లెలి ఎత్తుకి సరిపోయేలా చేయించి, పట్టుకునే చోట సైకిలు హ్యాండిలుకి చుట్టే టేపు చుట్టించారు. ఇది నీదే, ఒక్కసారి కొట్టి చూపించు అన్నారు.

చెల్లెలు కుడిచెయ్యి చాచి అందుకుంది. కుడిచేతివాళ్ళలాగే నిలబడింది. కొట్టింది. కర్ర వీపు తగిలి బంతి మూరెడు దొర్లింది, సరిగ్గా నేను మొదటిరోజు కొట్టినట్టే. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేత్తో కొట్టమ్మా అని ఎడంచెయ్యి తాకబోతే, దాన్ని వెనక్కి లాక్కుంది. మోచేతి పైన గుడ్డ కట్టిన చోట చర్మం పాలిపోయి పట్టీలా ఉంది. ఆయన అది చూశారు. ఏమైందని అడిగారు.

చెల్లెలు నా వంక చూసింది. చెప్పేస్తుందనుకున్నా.

"నాకు ఈ ఆట రాదండి," అంది, కర్ర ఆయనకి తిరిగి ఇచ్చేసింది, కుడిచేత్తోనే.

ఆయన ఆ కర్రని తన సంచిలో పెట్టుకున్నారు. బిళ్ళ నాకిచ్చేశారు. నిజం చెబుతున్నా, నేను సంతోషించా. దారిపొడుగునా బిళ్ళని ఎగరేసి పట్టుకుంటూ ఇంటికి నడిచా. చెల్లెలు వెనకాల వచ్చింది.

ఎనభైల చివర్లో దాన్ని నందిగామ ఇచ్చాం. వాళ్ళది బట్టలకొట్టు. కుడిచేత్తో గజంబద్ద పెట్టి గుడ్డ కొలవడం, కుడిచేత్తో బిల్లు రాయడం, ఎవరూ వంక పెట్టలేని కోడలని పేరు తెచ్చుకుంది. ఒకసారి ఏదో పని మీద ఆ ఊరు వెళ్ళి, ముందు తలుపు వేసి ఉంటే పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళా.

అది నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. చేతిలో మగవాళ్ళ పెద్ద గొడుగు, తలకిందులుగా. కాళ్ళ ముందు ఒక నిమ్మకాయ. కాళ్ళు ఎడంగా పెట్టి, తల వంచి, ఎడంచేతి వాటంగా గొడుగుని మెల్లగా వెనక్కి తీసి కొట్టింది. నిమ్మకాయ గచ్చు మీద తిన్నగా పోయి, గోడ కింది తూములో పడింది. తల ఎత్తలేదు. ఆ దెబ్బ చూసి ముందు నాలో లేచింది ఏమిటో తెలుసా? అదే పాత మంట. అబ్బ, ఎంత తిన్నగా కొట్టింది అని.

అడుగుల చప్పుడికి ఇటు తిరిగింది. నన్ను చూడగానే గొడుగు కుడిచేతిలోకి మారిపోయింది. అది కావాలని మార్చలేదు, చెయ్యే మార్చేసుకుంది. మంటంతా అక్కడే చల్లారిపోయింది. ఎప్పుడొచ్చావని అడుగుతోంది. నేను పదేళ్ళకి పైగా దాచుకున్నది కక్కేశా.

"ఆ రోజు ప్రసాదం నువ్వు కుడిచేత్తోనే తీసుకున్నావు."

"నాకు తెలుసుగా అన్నయ్యా," అంది. "తీసుకున్నది నేనేగా."

గొడుగు గోడకి ఆనించి లోపలికి వెళ్ళి, కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు కుడిచేత్తోనే అందించింది.