ఆవూ మేకా దాయాదులే

ఆ ల్యాబులో అందరూ ఆయన్ని పాల బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే పాలపొడి నీళ్లలో కలిపేది ఆయనే మరి. టీలోకి కాదండోయ్! ప్రోటీన్లు అంటించిన తెల్లటి పొరని ఆ పాలలో నానబెడితే ఖాళీ చోట్లన్నీ మూసుకుపోతాయి. ఆ తర్వాత వేసే యాంటీబాడీ కంటబడ్డ చోటల్లా అతుక్కోకుండా, తను వెతికేదాన్నే పట్టుకుంటుంది. పాలు కలపడంలో బాబాయ్ తర్వాతే ఎవరైనా. ఆ సంగతి ఆయనకీ కాస్త ఎక్కువగానే తెలుసు.

మూడు నెలలుగా మాత్రం పప్పులు ఉడకడం లేదు. ఈసారి వెతికేది ఒక కత్తెర ఎంజైమ్‌ని. క్యాన్సర్ కణాలు చుట్టూ అడ్డొచ్చిన ప్రోటీన్లను దానితోనే కత్తిరించుకుంటూ ఒళ్లంతా పాకుతాయి. దాన్ని పట్టే యాంటీబాడీ కొత్తగా తెప్పించారు. ఎంజైమ్ దొరికితే ఫొటో ఫిల్మ్ మీద ఆ చోట నల్లటి గీత పడాలి. ఎన్నిసార్లు చేసినా గీత లేదు, మసి పూసినట్టు అంతా నలుపే.

"ఇక చాలు బాబాయ్. ఇది పనికిరాని యాంటీబాడీ. రేపు సాయంత్రం మీటింగులో ఈ పరీక్ష ఆపేస్తున్నామని చెప్పేస్తా," అంది పెద్ద మేడమ్. సీసాలో ఆ యాంటీబాడీ ఒక్కసారికి సరిపడానే మిగిలింది.

మర్నాడు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే భార్య నవ్వుతూ వచ్చింది.

"నిన్న బస్టాపులో మీ అన్నయ్య అనుకుని 'బావగారూ' అని గట్టిగా పిలిచానండీ. తీరా చూస్తే మీ చిన్నాన్నగారి అబ్బాయి! పరువు పోయింది. అంతా ఒకే పోలిక, నేనేం చెయ్యను?"

బాబాయ్ చెయ్యి మూడో గుండీ దగ్గర ఆగిపోయింది. ఇన్నాళ్లూ వాడిన యాంటీబాడీలన్నీ కుందేళ్లలో తయారైనవి. ఈ కొత్తది మేకది. దాన్ని వెతికి చూపించడానికి పైన ఇంకో యాంటీబాడీ వేస్తారు, అది గాడిదలో తయారైంది. పాలేమో ఆవువి. ఆ పాలలో ఆవు యాంటీబాడీలు ఉండవూ? పోలిక చూసి గాడిదది వాటినీ మేకవే అనుకుని పొరంతా పట్టేసుకోదూ?

"ఏమేవ్, ఆవూ మేకా దాయాదులేనే!"

"ఎవరింట్లోనండీ?" అంది ఆవిడ కంగారుగా.

ఆయన టిఫిన్ ముట్టకుండా ల్యాబుకి పరుగెత్తాడు. పాలపొడి డబ్బా జోలికి పోలేదు. ఫ్రిజ్ మూలలో ఉన్న గాడిద సీరం, అంటే గాడిద రక్తంలోంచి తీసిన ద్రవం, తీసి అందులో పొరని నానబెట్టాడు. గాడిద యాంటీబాడీ గాడిద సీరాన్ని పట్టుకోదు కదా! మిగిలిన ఆఖరి చుక్కలు ఊపిరి బిగబట్టి వేశాడు.

నాలుగింటికి చీకటి గదిలో ఫిల్మ్‌ని కడిగే మందున్న ట్రేలో ముంచాడు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. అంతలో క్యాన్సర్ కణాల ప్రోటీన్లు వేసిన వరుసలో వెంట్రుకంత గీత తేలింది, చూస్తుండగానే చిక్కబడింది. ఆరోగ్యంగా ఉన్న కణాల వరుస ఖాళీ! ఆయనకి కేక వెయ్యాలనిపించింది, వేశాడు కూడా.

తడి ఫిల్మ్‌తోనే మీటింగు గదిలోకి దూసుకెళ్లాడు. "వచ్చింది మేడమ్! గీత వచ్చింది!"

మేడమ్ దాన్ని లైటుకి ఎత్తి చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇన్నాళ్లూ ఏమైంది మరి దీనికి?"

పదిమంది ఆయన్నే చూస్తున్నారు.

"దానికేం కాలేదు మేడమ్. మొదటి రోజు నుంచీ సరిగ్గానే పట్టుకుంటోంది. ఆవుపాలు పోసి మనమే కనపడనివ్వలేదు." ఆయన తల దించుకున్నాడు. "మనం కాదు. నేనే."

మేడమ్ ఎదురుగా ఉన్న కాగితం మీద 'ఈ పరీక్ష ఆపాలి' అని రాసుకున్న మాట కొట్టేసింది.

"పరీక్ష ఆగట్లేదు. ఇలా కూర్చుని అందరికీ మొదట్నుంచీ చెప్పండి బాబాయ్."