దూది డాక్టరు

ప్రతి ఉదయం మత్తు డాక్టరుగారు చేతులు కడుక్కుని, ఆపరేషన్ గది మూలనున్న ఎత్తు స్టూలెక్కి, దేవుడి పేరు తలుచుకుంటూ దూది ఉండలు చుట్టేవారు. మత్తిచ్చాక వాటిని రోగి చెవుల్లో, చంటిబిడ్డకి పెట్టినంత పదిలంగా పెట్టేవారు. ఉన్నదల్లా ఆ ఒక్క పిచ్చే. దానికే ఆస్పత్రి అంతా ఆయన్ని దూది డాక్టరు అనేది.

సర్జనుగారికి అది చూస్తే నవ్వాగేది కాదు. ఆయనకి చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. కత్తి పట్టగానే నోటి తాళం ఊడిపోయేది. రోగి ముక్కు మొదలుకొని మడమ దాకా దేన్నీ వెక్కిరించకుండా వదిలేవారు కాదు.

“ఏనుగు తొక్కినా తెలియని మనిషికి చెవిలో దూదెందుకండీ? జలుబు చేస్తుందనా?”

“నిద్ర వేరు, మత్తు వేరు బాబూ. నిద్రపోయేవాడు తలుపు తడితే లేస్తాడు. మత్తులో మెదడంటారా, అలకొచ్చిన ఉమ్మడి సంసారం. అందరూ ఇంట్లోనే ఉంటారు, ఒకరితో ఒకరికి మాటలుండవు. మత్తు పలచబడేటప్పుడు అందరికన్నా ముందు రాజీకొచ్చేది చెవి. ఆ చెవిని నేను నమ్మను.”

“దూది నా గొంతునాపుతుందా?”

“ఆపదు. నా మనసుకి కాస్త నెమ్మది.”

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచేవారు. దారిలో బట్టలు కుట్టే ఆవిడ కొట్టు. పిత్తాశయంలో రాళ్ళకి ఆవిడకి ఆపరేషన్ చేసింది వీళ్ళే. సర్జను కనబడితే ఆవిడ మిషను ఆపి, లేచి దణ్ణం పెట్టేది. దూది డాక్టరు కనబడితే మూతి మూడు వంకర్లు తిప్పేది.

“ఏం చేశారండీ ఆవిడని? దూది తియ్యడం మర్చిపోయారా?”

“నోరు జారాను బాబూ,” అని ఆయన తల వంచుకునేవారు. ఇక ఇల్లు చేరేదాకా సర్జను ఆటపట్టింపులే.

ఒకరోజు సర్జను ఏదో పనుండి పక్క ఆపరేషన్ గదిలోకి తొంగిచూశారు. ఎముకల డాక్టరు విరిగిన కాలు అతుకుతున్నారు. రోగి తల దగ్గర దూది డాక్టరే. చెవులు మాత్రం బోసిగా ఉన్నాయి.

“ఇదేంటి, దూది అయిపోయిందా?”

అందరూ పైకప్పు కేసి చూశారు. పెద్ద నర్సు ఒక్కతే నోరు విప్పింది.

“ఎముకల డాక్టరుగారు మాట్లాడరు కదండీ!”

వరండాలోకి తీసుకెళ్ళి మిగతాది చెప్పింది. “మీ రోగులకే పెడతారు సార్. ఆ మిషనావిడకి కుట్లు వేస్తూ మీరు, ఈ పొట్టకి జాకెట్టు చాలదు, షామియానా కుట్టించాలన్నారు. దూదున్నా ఆవిడ విన్నది. తెలివి రాగానే ఏడుస్తూ, ఎవరన్నారని అడిగింది. మీరప్పటికే వెళ్ళిపోయారు. ఈయన చేతులు జోడించి, ‘నేనేనమ్మా, క్షమించు’ అన్నారు. రేపు కుట్లు విప్పేది మీరేగా, మీ చెయ్యంటే ఆవిడ బెదిరిపోకూడదట.”

సర్జనుకి తల కొట్టేసినట్టయింది. దారి పొడుగునా నవ్విన నవ్వులన్నీ తిరిగొచ్చి మొహాన పడ్డాయి. ఆ సాయంత్రం ఒక్కరే కొట్టుకెళ్ళి, గుమ్మంలో తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డారు.

“అమ్మా, ఆ మాట అన్నది నేను.”

ఆవిడ పళ్ళ మధ్యనుంచి సూది తీసింది. “తెలుసు బాబూ. ఆ గొంతు పోల్చుకోలేనా?”

“మరి ఆయన మీద కోపమెందుకు?”

“ఆ వయసులో అబద్ధమాడతాడా! అదీ, దేవుణ్ణి తలుచుకునే నోటితో!”

“నాకు దణ్ణం పెడతారే?”

“ప్రాణం నిలబెట్టిన చేతికి పెడుతున్నాను. నోటికి కాదులెండి.”

భూమి చీలితే దూకేద్దామనిపించింది సర్జనుకి. మర్నాటినుంచి ఆయన ఆపరేషన్ గదిలో కత్తెర చప్పుడు తప్ప మరొకటి లేదు.

కొన్నాళ్ళకి దూది డాక్టరుకే హెర్నియా వచ్చి బల్ల మీద పడుకున్నారు. ఇంకో మత్తు డాక్టరు సూదిమందు సిద్ధం చేస్తున్నారు. సర్జను తన చేత్తో చుట్టిన దూది ఉండలు తెచ్చి, ఆయన చెవి దగ్గర వంగారు.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

“నాకొద్దు బాబూ. ఒక్క సాయం చేసిపెట్టండి. ఎంతమందినో అటువైపు సాగనంపాను గానీ, నేనెప్పుడూ వెళ్ళింది లేదు. కాస్త భయంగా ఉంది. తెలిసిన గొంతు వినబడితే ధైర్యం. మాట్లాడుతూ ఉండండి.”

సర్జను దూది ఉండలు పక్కన పెట్టేశారు. “ఏం మాట్లాడనండీ?”

“నా పొట్ట ఉందిగా! మొదలుపెట్టండి.”