ఐదో రాయిలో గీత

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను దేవుని దగ్గర దీపం పెడుతున్నాను. ఆయన మా అమ్మ తమ్ముడు, ప్రొద్దుటూరులో మా పక్క వీధే. నగ చేయించుకునేవాళ్ళు కొనే విడి వజ్రాలు మంచివో కావో చూసి చెప్పడం ఆయన పని. ఏ దుకాణానికీ ఆయన మనిషి కాడు, కొనేవాళ్ళ తరఫున చూసేవాడు. ఆయన సరే అంటే ఊరంతా సరే అనేది. అలాంటి మనిషి ఆ పేరు పోగొట్టుకుని పోయాడు. అది నా వల్ల జరిగింది. ఆ సంగతి దాచి ఆయన గురించి మీకు రాయలేను.

దుకాణం లైట్ల కింద ఆయన రాయిని చూసేవాడు కాదు. "ఆ లైట్లకు సీసాపెంకు గూడా మెరుస్తాది" అనేవాడు. ఇంటి అరుగు మీద, ఎండ తగలని చోట, తెల్లకాగితం మడిచి ఆ మడతలో రాయిని బోర్లించేవాడు. పసుపుచాయ ఉంటే అక్కడ దాగదట. ఆ తర్వాతే భూతద్దం. నగలో కట్టేసిన రాయిని తెస్తే ముట్టుకునేవాడే కాదు. "కింద రేకు పెట్టి మూసినాక మచ్చ యాడుండాదో ఎవురు చెప్తారు? విడిగా ఉన్నెప్పుడే చూసుకోవల్ల." ఒకాయన బేరం తెగనీయకుంటే, "ఏమప్పా, పెద్దగుండల్ల, తెల్లగుండల్ల, అగ్గువకు రావల్ల. పోయి ఐసుగడ్డ కొనుక్కో" అన్నాడు. ఆ మనిషికీ నవ్వొచ్చింది.

మా వైపు వజ్రం కొనేముందు మూడు రోజులు దేవుని గూట్లో పెడతారు. ఇంట్లో మంచి జరిగితే ఉంచుకుంటారు, చెడు జరిగితే తిరిగిచ్చేస్తారు. నాకు దాని మీద గట్టి నమ్మకం. మామ మాత్రం, "దేవుడు నిన్ను చూస్తాడు పాపా. రాయిని నువ్వే చూసుకోవల్ల" అనేవాడు.

పోయిన ఏడు ఆయన చూపు మసకబారింది. నాకొక్కదానికే చెప్పాడు. "ఎవురికీ చెప్పాకు. పక్కన కూచో, చాలు."

ఒకరోజు మగ్గం నేసే ఒక అక్క ఏడు వజ్రాలు తెచ్చింది. ఏడురాళ్ళ ముక్కుపుడక ఆమెకు పెళ్ళినాటి కోరిక. "మూడు దినాలు సామి గూట్లో పెట్టినానన్నా. మా ఇంటాయనకు నెల్నాళ్ళ జరం, ఇడిసిపెట్టేసింది" అని మురిసిపోయింది. మామ ఒక్కో రాయీ చూసి పక్కన పెట్టాడు. ఐదోదాన్ని చాలాసేపు తిప్పి, భూతద్దంతో సహా నాకిచ్చాడు. "యాభై ఏండ్లకు మా పాప పని నేర్చుకుంటాంది" అని ఆమెతో నవ్వుతూ అని, నన్నడిగాడు. "ఏమన్నా అగపడతాండాదా?"

అంచు నుంచి లోపలికి వెంట్రుకంత గీత ఉంది. చూశాను. దేవుడు ఒప్పుకున్న రాయిని కాదనడానికి నేనెవరిని అనుకున్నాను.

"ఏం లేదు మామా."

ఆయన ఆ రాయి తీసుకుని పక్కన పెట్టి, మిగిలిన రెండూ చూసి, "అయితే కట్టించుకో తల్లీ" అన్నాడు.

కంసాలి పుడకలో పెట్టి నొక్కగానే ఆ రాయి గీత వెంట రెండుగా విడిపోయింది. ఆమె ఆ ముక్కలు కాగితంలో పట్టుకొచ్చి అరుగు ముందు నిలబడి అరిచింది. "కండ్లు అగపడనోడివి ఎందుకు చూస్తివన్నా? నీ మాట నమ్మి కదా కట్టించుకుంటి!" వీధంతా వింది. మామ నా వైపు తిరగనైనా లేదు. "తప్పు నాదే తల్లీ" అన్నాడు. ఆ తర్వాత ఆయన దగ్గరికి ఎవరూ రాయి తేలేదు.

నెల గడిచాక ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. "ఆ పొద్దు గీత చూసినా మామా."

"తెలుసు. నీ గొంతులోనే తెలిసె. ఇంగోసారి చూడమని నేనే అడగల్యా. అడిగితే నాకు చూపు లేదని ఆయమ్మకు తెలిసిపోతాదని భయపడితి."

"అందరికీ చెప్పేస్తా మామా."

"వద్దు. సరే అన్నోడిదే తప్పు."

ఆయన ఒక్క మాట తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మామను చివరిసారి చూడటానికి ఆ అక్క కూడా వచ్చింది. ఆమె ముక్కుపుడకలో ఆరు రాళ్ళు, ఒక ఖాళీ గుంట ఉన్నాయి. ఆయన కాళ్ళకు మొక్కి, "మంచోడే. కండ్లు మోసం చేసినాయి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆ కండ్లు నావక్కా. గీత నాకు అగపడింది. లేదని చెప్పినా."

ఏడుపులు ఆగిపోయాయి. ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుని, ముక్కు మీద ఆ ఖాళీ గుంటను వేలితో తడుముకుంటూ, మామ మూసుకున్న కళ్ళ వైపు చూస్తూ నిలబడింది.