ఏ ఊళ్లో నిలబడినా అదే హోరు

ఆ చప్పుడు మొదట ఇన్వర్టర్‌దే అనుకున్నాను. సన్నగా, తెగకుండా, స్టేషన్ దొరకని పాత రేడియోలాగా సుయ్‌మని. సూర్యాపేటలో ఇన్వర్టర్ లేని ఇల్లు తక్కువ, అది మొరాయించని ఎండాకాలం ఇంకా తక్కువ. మధ్యాహ్నమే మెకానిక్‌ను పిలిపించి బ్యాటరీ తీయించాను. పోలేదు. ఫ్రిజ్ ఆపాను, ఫ్యాన్లు ఆపాను, సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు పీకేశాను. చెమటలు కారుతుంటే నడింట్లో నిలబడి చెవులు రిక్కించాను. ఉంది. ముందుకన్నా ఇంకా బాగా ఉంది.

“నీకు వినపడ్తలేదా?” అని మా ఆయనను అడిగాను. లేదన్నట్టు తల ఊపాడు. ఆయనది మొదటినుంచీ చిన్న గొంతు. ఈమధ్య ఆ మాటలు కూడా బాగా తగ్గాయి. ఎరువుల దుకాణంలో పొద్దంతా రైతులతో మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండదేమో అనుకునేదాన్ని. నాకేమో నోరూ ఆగదు, కాలూ ఆగదు. పై పోర్షన్‌లో కిరాయికి ఉన్నవాళ్ల కూలర్ మీద అనుమానమొచ్చి మెట్లెక్కిపోయి గొడవ పెట్టుకున్నాను. ఆ ఇంటి అమ్మాయి పాపం కూలర్ బంద్ చేసి, “ఇప్పుడు గూడ వస్తున్నదా ఆంటీ?” అంది. వస్తోందని చెప్పడానికి నామోషీ అనిపించి, లేదని చెప్పి దిగొచ్చాను.

నాకు ఆ చప్పుడు పోవాలి, అంతే. నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని. డిగ్రీ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్‌ని; వారంలో కొన్నాళ్లు కోదాడ, కొన్నాళ్లు మిర్యాలగూడ. చెవిలో ఈ రొద పెట్టుకుని పిల్లల మాట ఎట్లా వింటాను? వినలేకపోతే ఇక పాఠమేం చెప్తాను? గెస్టును రేపటినుంచి రావద్దనడానికి ఎవరికీ పెద్ద కారణం అక్కర్లేదు. పాఠం లేకుండా ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. పైకి అనలేదుగానీ బస్సెక్కినప్పుడల్లా అదే గుబులు.

ఆ బస్సులో మాత్రం ఇంజను మోతకు హోరు మునిగిపోయేది. కోదాడలో దిగి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోగానే మళ్లీ తేలేది. హైవే లారీలనుకుని కిటికీ మూశాను. యూపీఎస్ అనుకుని దాని మీద చెవి పెట్టి చూశాను. పక్క కుర్చీలోని కెమిస్ట్రీ మేడమ్ నన్ను వింతగా చూసి, “నాకేం వినపడట్లేదండీ. మీరు కాస్త నిద్రపోండి మేడమ్, కళ్లు పీక్కుపోయాయి,” అంది. నిద్ర పడితే కదా పోయేది! మిర్యాలగూడ కాలేజీకి దగ్గర్లోనే రైస్‌మిల్లు. ఉడికిన వడ్ల వాసన, బ్లోయర్ల మోత. దొంగ దొరికిందనుకున్నాను. మిల్లు బంద్ పెట్టిన రోజున కూడా నా హోరు నాతోనే ఉంది.

ఆ రోజే అక్కడ విశ్వం ఎట్లా మొదలైందో చెప్పాల్సి వచ్చింది. ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పాఠం అది. మొదట్లో అంతా మహా వేడి, మహా ఇరుకు. వెలుతురు ఉందిగానీ కదలడానికి సందు లేదు. విడివిడిగా తిరిగే ఎలక్ట్రాన్లు దాన్ని అడుగడుగునా అడ్డుకుని పక్కకు తోసేసేవి. “చలికాలం పొద్దున హైవే మీద మంచు కమ్మితే హెడ్‌లైటు ఎంత దూరం పోతుంది? అట్లా ఉండేదన్నమాట,” అన్నాను. విశ్వం విస్తరిస్తూ చల్లారింది. ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులయ్యాయి. మంచు విడిపోయింది, వెలుతురు బయలుదేరింది. ఆ వెలుతురే సాగి సాగి మైక్రోవేవ్‌గా మారి, ఇవాళ్టికీ అన్ని వైపులనుంచీ మన మీద పడుతోంది.

దాన్ని పట్టుకున్న ఇద్దరు శాస్త్రవేత్తలు నిజానికి దానికోసం వెతకలేదు. వాళ్ల యాంటెన్నాలో ఒక సన్నని రొద పోకుండా ఉండేది. పట్నం వైపు తిప్పినా అంతే, ఆకాశం వైపు తిప్పినా అంతే. లోపల పావురాలు గూడు పెట్టాయని వాటిని తరిమారు, రెట్టలు కడిగారు. అయినా పోలేదు. పావురాల రెట్టలనగానే పిల్లలు పడీపడీ నవ్వారు.

“ఎటు తిప్పినా రొద ఒక్కతీరుగనే ఉన్నదంటే ఏమనుకోవాలె?” అని అడిగాను.

ముందు బెంచీలో పిల్ల లేచి, “ఒక్క కాడికెల్లి వస్తలేదు మేడమ్. అన్ని దిక్కులకెల్లి వస్తుండాలె. లేకుంటే ఆ మిషన్లనే ఏదో ఉండాలె,” అంది.

బోర్డు మీద నా చెయ్యి ఆగిపోయింది. సూర్యాపేటలో ఉంది, కోదాడలో ఉంది, మిర్యాలగూడలో ఉంది. ఆ శాస్త్రవేత్తలు తమ మిషన్‌ను ముక్కముక్కగా పరీక్షించి తప్పు దానిది కాదని తేల్చుకున్నారు. నేను కూలర్‌ను అనుమానించాను, లారీలను అనుమానించాను, రైస్‌మిల్లును కూడా వదల్లేదు. నా మిషన్ జోలికి మాత్రం పోలేదు.

అంతలో చివరి బెంచీలో, దామరచర్ల దగ్గరి తండానుంచి వచ్చే అమ్మాయి నిలబడింది. పెదవులు కదిలాయి. ఏటా ఈ పాఠం దగ్గర ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే అయి ఉంటుందని, “మొదలుకు ముందు ఏమున్నదో ఎవ్వరికీ తెల్వదమ్మా,” అన్నాను. ముందు బెంచీ పిల్ల మెల్లగా, “ఆమె అడిగింది అది కాదు మేడమ్,” అంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. చివరి బెంచీదాకా నడిచిపోయి, “నాకు వినపడలేదు. మళ్లొక్కసారి చెప్పు,” అన్నాను. ఆ మాట క్లాసులో అనడం అదే మొదటిసారి.

“అప్పుడు చప్పుడైందా మేడమ్?” అంది ఆ అమ్మాయి.

అయిందని చెప్పాను. బాంబు పేలినట్టు ఒకచోట ధన్‌మని కాదు. ఆ వేడి ముద్దలో ఒత్తిడి అలలు పరుగెత్తాయి, అవీ చప్పుడే. మంచు విడిపోగానే ఆ పరుగు ఆగింది. ఆగినచోట కొంచెం వేడిగా, కొంచెం చల్లగా మిగిలిన మరకలు ఆ పాత వెలుతురులో ఇప్పటికీ కనిపిస్తాయి. వినడానికి అప్పుడు ఎవరూ లేరు.

మర్నాడు సూర్యాపేటలోనే చెవి దవాఖానకు పోయాం. మా ఆయన దుకాణం మూసి వెంట వచ్చాడు. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఆ గదిలో నా హోరు తప్ప ఏమీ లేదు. బటన్ మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాను. అద్దం అవతల మా ఆయన మొహం చిన్నబోతుంటే అర్థమైంది, చప్పుళ్లు వస్తున్నాయని, నేనే నొక్కడం లేదని.

సన్నని శబ్దాలు నాకు వినపడడం ఎప్పుడో పోయిందట. బయటినుంచి రానిదాన్ని పూరించుకోవడానికి మెదడు తనంతట తాను చేసే చప్పుడట ఈ హోరు. “ఇది పూర్తిగా పోతదని చెప్పలేనమ్మా. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు వినపడ్తయి, పాఠాలు చెప్పుకోవచ్చు,” అన్నాడు డాక్టర్. సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం మాత్రం ఏడుస్తూనే ఉంది.

బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాం. ఆయన పెదవులు కదిలాయి.

“గట్టిగ చెప్పు, నాకు వినపడదని ఇప్పుడే గద చెప్పిండ్రు,” అని కసిరాను.

ఆయన దగ్గరికొచ్చి నా కుడిచెవి వైపు వంగాడు. “రెండేండ్ల సంది నేనేమన్నా అంటే నువ్వు పలుకుతలేవు. కోపంల ఉన్నవనుకున్న. అందుకే చెప్పుడు బంద్ జేసిన.”

“ఏం చెప్పినవ్? నేనేమేం వినలే?”

“చానా ఉంటయి. అన్నీ యాదికుంటయా?” అన్నాడు. “పోయినేడు ఒకనాడు నువ్వు వంటింట్ల ఉన్నవ్. ఇగ దుకాణం నాతోని అయితలేదు, బంద్ పెడ్త అన్న. నువ్వు నా దిక్కు మల్లి గూడ సూడలే. నీకిష్టం లేదనుకొని తెల్లారి లేచి మళ్ల షట్టర్ తీసిన.”