రెండు వేళ్ల సందు

నా వాకిట్లో బండల మధ్య సందులన్నీ సిమెంటుతో పూడ్చేశారు. నేను ఇంట్లో లేని వారం చూసి పూడ్చేశారు.

కంటి ఆపరేషన్ చేయించుకుని ఆ వారం నాగోల్‌లో చెల్లెలింట్లో ఉన్నాను. మొక్కలకు నీళ్లు పోయాలి కదా అని నా భార్య నాచారంలోనే ఉండిపోయింది. తిరిగొచ్చి గేటు తీయగానే, కంట్లో వేసిన మందు వల్ల అలా కనబడుతోందేమో అనుకున్నాను. నల్లద్దాలు తీసి చూశాను. వంగి చేత్తో తడిమాను. నున్నగా, అద్దంలా ఉంది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

ఎంత వాకిలనీ! గేటుకూ గడపకూ మధ్య పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఫ్యాక్టరీలో ఇంజనీర్లు పారేసిన డ్రాయింగులు ఏరుకొచ్చి, గీతలు చదవడం నేనే నేర్చుకున్నాను. రిటైరైన ఏడాది ఈ వాకిలికి పెన్సిలుతో నేనే ప్లాను గీశాను. చిన్న జాగాలో నడుమ కుండీ పెడితే కాలు పెట్టే చోటుండదు; అందుకే మొక్కలన్నీ గోడకు ఎక్కించాను. షాబాదు బండలను ఏటవాలుగా పరిపించాను. అలా పరిస్తే ఇరుకు వాకిలి కూడా వెడల్పుగా కనబడుతుంది, ఎవరైనా చేసి చూడొచ్చు. బండకూ బండకూ మధ్య సరిగ్గా రెండు వేళ్ల సందు. వాననీళ్లు ఆ సందుల్లో ఇంకి, గోడ పక్కనున్న మల్లెతీగ వేళ్లకు చేరేవి. సందుల నిండా గడ్డిగులాబీ నాటాను. ఎండ ఎక్కేసరికి అది విచ్చుకుంటే, దారిన పోయేవాళ్లు గేటు మీంచి చేతులు చాపి ఫోటోలు తీసుకునేవారు.

ఇప్పుడు గడ్డిగులాబీ ఒక్క మొక్క లేదు. మల్లె మొదలు చుట్టూ జానెడు మట్టి మాత్రం మిగిల్చారు. అది ఎన్నాళ్లు బతుకుతుంది?

"ఎవలు జేసిన్రే గిది?" అని అరిచాను.

"ముందుగాల కండ్లమందు ఏస్కో," అంది నా భార్య. మరునాడు మళ్లీ అడిగితే, "మేస్త్రిని అడుగు" అని లోపలికి వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున్నే ఉప్పల్‌లో కూలీలు నిలబడే అడ్డాకు పోయి మేస్త్రిని పట్టుకున్నాను. ఆ బండలు పరిచినవాడు అతనే. సందు ఎందుకు వదలాలో నాతో పదిసార్లు చెప్పించుకున్నవాడు.

"ఏమయ్యా, సిగ్గున్నదా నీకు?"

"ఏంది సార్, మంచిగ రాలేదా? క్యారమ్ బోర్డు లెక్క జేసిన!"

"ఎవలు జేయమన్నరు?"

"అమ్మనే సార్. పక్కన కుర్సీ ఏస్కోని కూసోని ఒక్కొక్క సందు సూపిచ్చింది. సారు తిడ్తడేమో అమ్మా అని నేనన్న. 'తిట్టనీ, నేను పడ్త. నువ్వు సిమెంటు కలుపు' అన్నది."

నలభై ఏళ్లు దాటిన కాపురం. వారమంతా రోజూ ఫోనులో "చెట్లకు నీళ్లు పోసిన, నువ్వు ఫికర్ జేయకు" అని చెప్పిన మనిషి! ఆటోలో వస్తున్నంతసేపూ మేస్త్రి అబద్ధమాడి ఉంటే బాగుండుననే అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఆమె గడప మీద కూర్చుని గోంగూర తుంచుతోంది.

"మేస్త్రి అంత జెప్పిండు. గా సందులు నిన్నేమన్నయే? నా ప్లాను నీకేం పాపం జేసింది?"

ఆమె పళ్లెం పక్కకు జరిపి, ఒళ్లో ఆకులు దులుపుకొంది. అప్పుడు చెప్పింది:

"పదకొండేండ్ల సంది ఈ గడప ముంగట ఒక్క ముగ్గు సక్కగ వడలే. గీత గుంజితే పిండి సందుల వడ్తది, సుక్క వెడ్తె గడ్డిల వడ్తది. గేటు బయట ఏస్తే బండ్లు దొక్కుకుంట పోతయి. గోడ కొలిచినవ్, బండలు కొలిచినవ్, మల్లెచెట్టుకు నీళ్లు ఎట్ల వోవాల్నో గది గూడ కొలిచినవ్. నీకు ముగ్గుకు ఎంత జాగ గావాలె అని ఒక్కనాడన్న నన్ను అడిగినవా? నేను గూడ నిన్ను అడగలే, పో!"